కిలో పద్నాలుగు

బాదేపల్లి మార్కెట్ ఎనక నా కాంటా.
పేపర్లకొక ధర, అట్టలకొక ధర,
ఒక దిక్కు రాసి ఒక దిక్కు తెల్లగున్న కాయిదానికి
రెండు రూపాలు ఎక్కువ.
మీద ఎవలి పేరున్నదని
ఇరవై ఏండ్ల సంది నేనడగలే.
ఇనుమును పేరడుగుతమా? సీసాను ఊరడుగుతమా?

రైలు గేటు కాడి ల్యాబు పిలగాడు
మూన్నెల్లకొకపారి మోపెడు తెస్తడు.
రక్తం, ఉచ్చ, తెమడ, షుగరు
అన్నీ ఒక్క సంచిల, మూతి సుతిలితోని కట్టి.
"జాగ సాల్తలేదు కాకా" అంటడు.
కిలో పద్నాలుగు.
ముల్లు నిలవడ్డంక రోగమేంది, రొక్కమేంది?

ఆ సంచిలకెల్లి ఒక కాయిదం
కురుమూర్తి మిర్చి బండికి వోయింది.
బండి మీదికెల్లి నాలుగు బజ్జీలను సుట్టుకొని
హాస్టల్ వార్డెన్ ఇంటికి వోయింది.
నూనెకు అచ్చరాలు చెరిగిపోలే,
ఇంకింత మెరిసినయి:
మొగులమ్మ, ముప్పై ఎనిమిది, ఆడ,
బురుజు గల్లీ, ఫోన్ నంబరు,
తెమడల టీబీ ఉన్నది.

రెండేండ్ల కిందటి తెమడ అది.
ఆర్నెల్లు గోలీలు మింగి, ఎర్రగ ఉచ్చ వోసి
ఎన్నడో నయమైన దగ్గు.
కాయిదానికి ఆ సంగతి ఎర్కలేదు.
తెల్లారి మొగులమ్మ హాస్టల్ వంటకు వోతె
గంటె ఇంకొకామె చేతిల ఉన్నది.

నా తానికి వచ్చింది. తిట్టలే.
కాంటా దిక్కు చూసుకుంట అడిగింది:
"అన్నా, నా కాయిదం ఎంత తూగింది?"
ఒక్క కాయిదం ఈ ముల్లును కదిలియ్యదని
చెప్పొద్దనుకున్న.
చెప్పిన.

ఏదో చట్టం వచ్చిందన్నరు.
ఇద్దరం పోయినం, కోర్టు ముంగట సవారయ్య వకీలు కాడికి.
ఆయన కండ్లద్దాలు తుడుసుకుంట అన్నడు:
"వచ్చింది. పని అయినంక చెరిపెయ్యాలె.
అడగకుంట ఎవ్వలకియ్యొద్దు, ఇస్తె కోట్ల జుర్మానా.
కాని అది కంప్యూటర్ల ఉన్న మొగులమ్మకు.
ఉత్త కాయిదం మీది మొగులమ్మ ముచ్చట
అండ్ల లేదు."
ఫీజు తీసుకోలే. ఛాయి తాపిచ్చి పంపిండు.

తొవ్వల ఆమె నవ్వింది:
"డబ్బాల ఉన్నదానికి తాళమేసిండ్రు.
దగ్గినదాన్ని బజాట్ల ఇడిసిండ్రు."

ఆ రాత్రి సంచి మూతి ఇప్పిన.
ఇరవై ఏండ్లల్ల మొదటిసారి చదివిన.
మా తోడల్లుని షుగరు.
సారు బిడ్డ రక్తం గ్రూపు.
నాకు తెల్వొద్దని మా చెల్లె చేయించుకున్న
పరీచ్చ ఒకటి.
మడిచిన. చదవలే.
సగం చదివిన.

ఇప్పుడు ల్యాబు సంచి నా కాంటా ఎక్కుతది గని
బండ్లకు వోదు.
మొగులమ్మ గాబుల దిగుతది.
మూడు రోజులు నానుతది, పిడికెడు మెంతులతోని.
రోట్లేసి ఆమె దంచుతది
రక్తం, షుగరు, ఊరు, పేరు, నంబరు
అన్నీ ఒక్క ముద్ద అయ్యేదాంక.
పాత గుల్లకు అలుకుతది, ఎండవెడ్తది.
గంపకు అరవై రూపాలు వస్తయి.
హాస్టల్ దిక్కు మళ్ల చూడలే.

మాకూ ఒకటిచ్చింది, కందులు వోసుకోను.
అడుగుల గోటితోని గీకితె
ఒక అచ్చరం తోక అవుపిస్తది,
ఎవలిదో తెల్వది.

నిన్న పగటాల ఫోను మోగింది.
"చెన్నకేశవులు గారేనా?
మీ మోకాళ్ల నొప్పికి మా కాడ మందున్నది."
పిల్ల గొంతు మంచిగున్నది.
నా మోకాళ్ల సంగతి నేను
ఒక్క డాక్టరుకే చెప్పిన, తలుపు దగ్గరికేసి.

"అమ్మా, నన్ను ఏ కాంటా మీద పెట్టిండ్రు?
కిలో ఎంతకు వోయిన?"
ఫోను వెట్టేసింది.

గాబుల ఏసి నానవెడ్దామంటె
చేతిల కాయిదమే లేదు.
బయట ఎవలో తుక్కు తెచ్చి పిలుస్తున్నరు.
మోకాళ్లు పట్టుకొని లేసిన.